అక్క తల ఊపిన పేజీ

సంగీత సభలో వాయించే మనిషికి ఎడమ పక్కన, కాస్త వెనగ్గా, చిన్న కుర్చీలో ఇంకో మనిషి కూర్చుని ఉంటుంది. పేజీ అయిపోవచ్చే సమయానికి లేచి, కాగితం పై మూల పట్టుకుని, తిప్పి, మళ్ళీ కూర్చుంటుంది. అంతే ఆవిడ పని. చప్పట్లు కొట్టేటప్పుడు ఆవిడ లేవకూడదు. రంగు రంగుల బట్టలు కట్టుకోకూడదు, గాజులు గలగలమనకూడదు, తుమ్మకూడదు. ఆ మాత్రానికి ఒక మనిషి కావాలా అని మీకు అనిపించవచ్చు. రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు ముక్కు దురద పెడితే ఎలా ఉంటుందో ఒక్కసారి తలుచుకోండి, ఆవిడ విలువ అప్పుడు తెలుస్తుంది.

ఈ కథ అలాంటి ఒక ఆవిడది. వాయించేది ఆవిడ అక్క. అక్క దగ్గర నేర్చుకునే పిల్లలు ఈవిడకి ‘పేజీల పిన్ని’ అని పేరు పెట్టారు. పిన్ని అసలు ఉద్యోగం వేరు. ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, ఎర్ర సిరా కలం, పక్కన తడి ఆరని కాగితాల వాసన. పెళ్ళి శుభలేఖల నుంచి వైద్యపు పుస్తకాల దాకా ఆమె కంటి కిందనుంచి వెళ్ళాల్సిందే. ఒత్తు పోయినా, కామా జారినా పట్టేసేది. కంపోజింగు వాళ్ళకి ఆమె అంటే హడల్. ‘ఆవిడ కళ్ళలో వత్తులు వేసుకుని పుట్టింది’ అని ఆమె వెనక అనుకునేవాళ్ళు, ఆమె చెవిన పడేలాగే అనుకునేవాళ్ళు.

అక్క సంగతి చెప్పాలంటే ముందు ఆమె వాయిద్యం సంగతి చెప్పాలి. దాని పేరు హార్ప్సికార్డ్. పియానోకి పెద్దమ్మ వరస. మెట్టు నొక్కితే లోపల ఒక చిన్న ఈక ముల్లు లేచి తీగను మీటుతుంది. పియానోలా పెద్దగా మోగదు. మోగిన మోత వెంటనే ఆరిపోతుంది. పక్కింట్లో ప్రెషర్ కుక్కర్ కూత వేస్తే ఇక్కడ పాట మునిగిపోతుంది. మూడు వందల ఏళ్ళ కిందటి బరోక్ కాలంలో అది ఇంటి రాణి. ఇప్పుడు దాన్ని వాయించే మనిషి దొరకడమే కష్టం, వినే మనిషి దొరకడం మరీ కష్టం. అక్కకి ఈ కష్టం చాలలేదు. ఆ కాలంలోనూ అందరికీ తెలిసినవాళ్ళని వదిలేసి, ఎవరూ పట్టించుకున్న పాపాన పోనివాళ్ళని వెతికి పట్టుకుని వాయించేది.

ఎందుకని అడిగితే అక్క ముక్కు మీద కోపం ఎక్కడా ఆగేది కాదు. గ్రౌప్నర్ అని ఒకాయన ఉన్నాడు, చర్చిలో సంగీతం చూసే పెద్ద ఉద్యోగం ముందు ఆయనకే ఇస్తామన్నారు, కొలువులో పెట్టుకున్న దొర వదలకపోతే ఆ కుర్చీలోకి బాఖ్ వచ్చాడు, ఇవాళ బాఖ్‌ని ఊరంతా నెత్తిన పెట్టుకుంటుంది, గ్రౌప్నర్ ఎవరంటే తెల్లమొహం వేస్తుంది, ఇదేం న్యాయం అనేది. జెలెంకా అని ఇంకొకాయన, అంత సంగీతం రాసిన మనిషి మొహం ఎలా ఉండేదో చూసుకోవడానికి నమ్మదగ్గ బొమ్మ ఒక్కటి లేదు అని సొంత మేనమామ ఫొటో పోయినట్టు బాధపడేది. ఎలిజబెత్ జాకె అనే ఆవిడ చిన్నపిల్లప్పుడే రాజు ముందు వాయించిందని చెప్పి, నేర్చుకోవడానికి బద్ధకించే పిల్లలని దులిపేసేది. మొత్తానికి మూడు వందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళ తరఫున అక్క ఒక్కతే నిలబడి ఊరందరితో దెబ్బలాడుతున్నట్టు ఉండేది.

సభ నెలకొకసారి, ఆదివారం నాలుగు గంటలకి, గ్రంథాలయం మేడ మీద హాల్లో. నలభై కుర్చీలు. ఇరవై నిండితే అక్కకి పండగే. వచ్చేవాళ్ళలో ఒక రిటైరైన పోస్టుమాస్టరు మొదటి అయిదు నిమిషాల్లోనే కునుకు తీసేవాడు, చప్పట్లకి మాత్రం అందరికంటే ముందు లేచేవాడు. అతను లేకపోతే సభ వెలితిగా ఉండేది.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. పేరున్నవాళ్ళ పాటలు వాయించేవాళ్ళకి చిన్నప్పటినుంచి కంఠతా వచ్చి ఉంటాయి, కాగితం అక్కర్లేదు. పేరు లేనివాళ్ళవి అలా కాదు. అచ్చు పుస్తకాలు కూడా ఉండవు. ఎక్కడో దాచిన చేతిరాత ప్రతుల నకళ్ళు తెప్పించి, శుభ్రంగా ఎత్తిరాసుకుని, చూసి వాయించాల్సిందే. ఆ ఎత్తిరాసే పని చెల్లెలిది. కాబట్టి ఆ మరుగున పడ్డవాళ్ళందరికీ అక్క చేతులైతే, చెల్లెలు కళ్ళు. ప్రెస్సు నుంచి వచ్చి, వంట చేసి, కూతురి చేత పాఠం చదివించి, మిగిలిన పొద్దులో గీతల మీద స్వరాల చుక్కలు పెట్టుకుంటూ కూర్చునేది. పేజీ చివర వాయించే మనిషికి ఎందుకైనా మంచిదని ఒక చెయ్యయినా ఖాళీ ఉండేటట్టు లెక్క చూసుకుని రాయడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

ఒకసారి దూరపు గ్రంథాలయం నుంచి ఒక కట్ట నకలు వచ్చింది. మొదటి కాగితం చిరిగిపోయింది, రాసినాయన పేరు ఆ కాగితంతోనే పోయింది. ఏ దేశంవాడో, ఎవరి కొలువులో ఉన్నాడో ఏమీ లేదు. అక్కచెల్లెళ్ళు ఆయనకి ‘ఊరూ పేరూ లేనాయన’ అని పేరు పెట్టుకున్నారు. అందులో సరబాండ్ అని, నెమ్మది నాట్యానికి కట్టిన పాట ఒకటి ఉంది. అది మొత్తం రెండు చేతులకీ పనే. ఎంత తంటాలు పడ్డా పేజీ చివర ఖాళీ దొరకలేదు. అక్షరం చిన్నది చేస్తే ఒకే పేజీలో పట్టేది. అప్పటికే అక్కకి చత్వారం, చిన్న చుక్కలు కనపడవని చెల్లెలు పెద్దగా రాసి, సరిగ్గా పాట నడుమన తిప్పాల్సి వచ్చేలా చేసింది. ఏం ఫరవాలేదే, నేను తల ఊపుతాను, నువ్వు తిప్పు, అంది అక్క.

వాళ్ళిద్దరి అభ్యాసం ఎప్పుడూ అలాగే ఉండేది. చెల్లెలికి తీరిక తక్కువ కాబట్టి పేజీ మారే చోట్లు మాత్రం చూసుకునేవాళ్ళు. ముందు రెండు వరసలు, తల ఊపడం, తిప్పడం, తర్వాత రెండు వరసలు. చాలు, తర్వాతది. అందువల్ల తను రాసిన పాటలని చెల్లెలు మొదటినుంచి చివరిదాకా మొదటిసారి వినేది సభలోనే. అదీ వినీ విననట్టు. పేజీ తిప్పే మనిషి పాటలో పడకూడదు. కన్ను కాగితం మీద, చూపు కొస అక్క గడ్డం మీద. పదకొండేళ్ళు అలాగే చేసింది, ఒక్క రోజు తప్పలేదు.

ఆ ఆదివారం హాల్లోకి రేడియోలో సంగీతం చూసే అధికారి వచ్చాడు. అక్క మూడేళ్ళుగా రాస్తున్న ఉత్తరాలకి కదిలి వచ్చాడు. నచ్చితే ఈ మరుగున పడ్డవాళ్ళందరినీ వారం వారం అక్క చేత వాయించి రికార్డు చేయిస్తానన్నాడు. మూడో వరసలో కూర్చుని ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాసుకుంటున్నాడు. అక్క అరచేతులు చీర చెంగుకి తుడుచుకుంటూనే ఉంది. పోస్టుమాస్టరు కూడా ఆ రోజు నిద్రపోలేదు.

గ్రౌప్నర్ అయ్యాడు, జాకె అయింది. బాగా వచ్చాయి. తర్వాత ఊరూ పేరూ లేనాయన సరబాండ్ మొదలుపెట్టింది అక్క.

ఏం చెప్పను. కొన్ని రోజులు అలా వస్తాయి. చెల్లెలు ఆ చుక్కలన్నీ తన చేత్తో పెట్టింది, ఒక్కొక్కటీ మూడేసిసార్లు సరిచూసింది. అందులో ఇది ఉందని ఆమెకి తెలియదు. గట్టిగా ఏడవడం చేతకాని మనిషి ఎవరో పక్కన కూర్చుని నెమ్మదిగా తన సంగతి చెప్పుకుంటున్నట్టుంది. అక్క చేతుల్లోంచి అది వస్తోంది. తనతో సబ్బు ముక్క కోసం దెబ్బలాడిన అక్క, బస్సు తప్పితే ఊరంతటినీ తిట్టిపోసే అక్క. చెల్లెలికి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. పదకొండేళ్ళలో మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని, సభలో మనిషిలా వింది.

అక్క తల ఊపింది. చెల్లెలు చూసింది. చూడకపోవడం కాదు, స్పష్టంగా చూసింది. ఎంత బాగుందో కదా అని అక్క తలాడిస్తోందనుకుంది. అవునక్కా అన్నట్టు తనూ తల ఊపింది.

పేజీ అయిపోయింది. అక్క రెండు దరువులు గుడ్డిగా సాగదీసింది, చెయ్యి తడబడింది, ఆగిపోయింది. హార్ప్సికార్డ్ మోత ఎంతసేపుంటుంది గనక, హాలంతా గప్‌చుప్. చెల్లెలు ఉలిక్కిపడి లేచి తిప్పేటప్పటికి అక్క చెమటలు కక్కుతోంది. మిగతా సగం వదిలేసి తర్వాతి పాటకి పోయింది. మూడో వరసలో అధికారి పుస్తకం మూశాడు. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఎవరితోనో, పాపం ఆవిడకి మధ్యలో మతి తప్పింది, రాసిన ఆయన కూడా అంత గట్టివాడేం కాదులే, అంటూ దిగాడు. ఆ మాట అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ విన్నారు.

హాలు ఖాళీ అయ్యాక, కుర్చీలు మడిచేస్తుంటే అక్క అడిగింది.

“నేను తల ఊపలేదు కదూ?”

చెల్లెలు చేతిలో ఉన్న కుర్చీ మడిచింది. ఊపావక్కా, నేనే తిప్పలేదు అనాలి. అంత చిన్న మాట. మూడేళ్ళ ఉత్తరాలు గుర్తొచ్చాయి. అక్క కోపం గుర్తొచ్చింది. ఇవాళ్టికి గడిస్తే రేపు చెప్పవచ్చు అనుకుంది.

“ఊపలేదక్కా.”

“అదే అనుకున్నాను,” అంది అక్క, మడిచిన కుర్చీ గోడకి ఆనించి.

రేపు చెప్పలేదు. ఎల్లుండీ చెప్పలేదు. చెప్పని మాట మొదటి వారం గొంతులో ఉంటుంది, నెల తిరిగేటప్పటికి కడుపులోకి దిగుతుంది, ఏడాది అయ్యాక ఎక్కడుందో కూడా తెలియదు గానీ ఉంటుంది. ప్రెస్సులో ఎవరి తప్పు పట్టుకున్నా ఆమె చెయ్యి ఒక క్షణం ఆగేది. ఎవరో కుర్రాడు శుభలేఖలో దీర్ఘం మరిచిపోతే ఎర్ర సిరాతో నిలబెట్టి అడిగే మనిషి, ఇంటికొచ్చి అక్క మొహం చూడలేకపోయేది.

అక్క ఎర్ర పెన్సిల్ కొనుక్కుంది. చెల్లెలు ఎత్తిరాసి ఇచ్చిన ప్రతి పాటలోనూ, ప్రతి పేజీ చివరా ‘తల’ అని రాసుకుంది. పాత వాటిల్లో కూడా కూర్చుని రాసింది. సభలో ఆ మాట కనపడగానే మెడ విరిగేలా పెద్దగా తల ఊపేది. వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. పేజీ తిప్పినప్పుడల్లా చెల్లెలి చెయ్యి ఆ ఎర్ర మాట పక్కనుంచే పోవాలి. ఒక్క గీతతో కొట్టేయాల్సిన తప్పు అది, కొట్టేయాల్సిన మనిషి తనే. చెయ్యి రాలేదు.

రాను రాను అక్కకి తల మీద తప్ప పాట మీద ధ్యాస లేకుండా పోయింది. ఊపానా, లేదా, ఊపానా అని వాయిస్తూనే గొణుక్కునేది. మూడేళ్ళకి సభ ఆపేసింది. నాకు బుర్ర నిలవడం లేదే, ఆ మహానుభావుల్ని నేను పాడు చెయ్యకూడదు అంది. హార్ప్సికార్డ్ మూత వేసి దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక బడిలో చిన్నపిల్లలకి పియానో మీద సరిగమలు చెప్పుకుంటూ పదహారేళ్ళు గడిపేసింది. రేడియోలో బాఖ్ వస్తే మాత్రం వినేది. ఆ మరుగున పడ్డవాళ్ళని తలుచుకుని ఊరిని తిట్టడం కూడా మానేసింది. అది చెల్లెలికి అన్నిటికంటే కష్టంగా ఉండేది.

ఇక చివరికి వచ్చేద్దాం. అక్క గుండె అలిసిపోయిందని డాక్టరు చెప్పాడు. కాళ్ళకి నీరు దిగింది, నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. చెల్లెలు తన ఇంటికి తెచ్చుకుంది. కిటికీ ఉన్న గది ఇచ్చింది, వీపుకి మూడు దిండ్లు పెట్టింది. చెల్లెలి కూతురు పెద్దమ్మ దగ్గరే పియానో నేర్చుకుంది. ఇప్పుడు ఒక వాయిద్య బృందంలో కొత్తగా చేరింది. మొదటి సభలో ఎక్కడో తప్పు వాయించి, ఇంటికొచ్చి పెద్దమ్మ మంచం దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

అక్క ఆ పిల్లకి ధైర్యం చెప్పడానికి తన కథ ఎత్తుకుంది. రేడియో ఆయన వచ్చిన రోజు, సరబాండ్, తల ఊపడం మర్చిపోవడం, అన్నీ ఓపిగ్గా, ఆగి ఆగి చెప్పింది. చెల్లెలు గుమ్మంలో మందుల గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది.

“తప్పు నాది. మీ అమ్మ రెండు నెలలు కూర్చుని రాసిన పాట అది. నేను మట్టిపాలు చేశాను,” అంది అక్క. “అయినా మీ అమ్మ ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషి పక్కనుంటే ఏ తప్పయినా మోయొచ్చే.”

చెల్లెలు గ్లాసు మంచం పక్కన పెట్టింది. కూతుర్ని బజారుకి పంపింది. మందు ఇచ్చింది, దిండు సర్దింది, కిటికీ తెర లాగింది, మళ్ళీ తీసింది. ఇప్పుడు చెబితే ఆ నీరసపు గుండె ఏమవుతుందోనని భయం. చెప్పకపోతే ఈ మనిషి, చెయ్యని తప్పు నెత్తిన పెట్టుకుని, తప్పు చేసినదానికి దణ్ణం పెట్టుకుంటూ పోతుంది. మంచం పక్కన కూర్చుంది.

“అక్కా, ఆ రోజు నువ్వు తల ఊపావు.”

అక్కకి వెంటనే అర్థం కాలేదు. ఎవరో అడ్రసు అడిగినట్టు చూసింది.

“ఊపావక్కా. నేను చూశాను. నేనే తిప్పలేదు. నువ్వు అడిగితే అబద్ధం చెప్పాను.”

 చూసి ఎందుకు తిప్పలేదని అక్క అడిగింది. గొంతులో కోపం ఇంకా రాలేదు, అయోమయమే ఉంది.

“వింటున్నాను,” అంది చెల్లెలు. “ఎంత బాగుందో అని నువ్వు తలాడించావనుకున్నాను. నేనూ ఆడించాను.”

అక్క మొహం గోడ వైపు తిప్పుకుంది. చెల్లెలు కాళ్ళు పట్టుకుంది, క్షమించమంది, తిట్టమంది. అక్క తిట్టలేదు. ఆ సాయంత్రం అన్నం చెల్లెలి చేతి మీదుగా తినలేదు, కూతురు పెడితే రెండు ముద్దలు తింది. మర్నాడంతా చెల్లెలు గదిలోకి వస్తే కళ్ళు మూసుకుంది. చెల్లెలు వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. తన భారం దించుకోవడానికి చావబోయే మనిషి మీద పెట్టానని తనని తాను తిట్టుకుంది. అందులో అబద్ధం కూడా లేదు.

మూడో రోజు మధ్యాహ్నం అక్కే పిలిచింది.

“నిజంగా అంత బాగుందా?”

“బాగుందక్కా.”

“నీకు, పేజీ తిప్పడం మర్చిపోయేంత?”

“నా పేరు మర్చిపోయేంత.”

అక్క కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదకి జారాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేకపోయింది. చెల్లెలు తుడవబోతే వద్దంది.

“ఇరవై మంది వచ్చేవాళ్ళు, చప్పట్లు కొట్టి పోయేవాళ్ళు. నేను వాయించింది ఎవరికైనా లోపలికి వెళ్ళిందో లేదో నాకెప్పుడూ తెలియలేదే. ఆ రోజు వచ్చి, అక్కా, నీ పాట విని ఒళ్ళు మరిచాను, పేజీ తిప్పలేదు అని ఉంటే, నిన్ను చావగొట్టేదాన్ని. కొట్టి, పోయేదాకా వాయించేదాన్ని.” ఆగి ఊపిరి తీసుకుంది. “తప్పు దాచావనుకుంటున్నావు నువ్వు. నువ్వు దాచింది అది కాదు.”

 పందొమ్మిదేళ్ళుగా తను ఏది దాచిందో చెల్లెలికి అప్పుడే తెలిసింది.

సాయంత్రం అక్క మళ్ళీ అడిగింది, ఎలా వాయించానో చెప్పమని. జీవితమంతా ఇంకొకరి వాక్యాలు దిద్దిన మనిషి, తన వాక్యం ఒక్కటి దొరక్క తడుముకుంది. ఎడమ చెయ్యి ఎలా మెల్లగా దిగిందో చెప్పింది, పైన ఒక్క స్వరం దగ్గర అక్క ఎంతసేపు ఆగిందో చెప్పింది, ఆ ఆగినంతసేపు పోస్టుమాస్టరు ఎలా నోరు తెరుచుకుని ఉండిపోయాడో చెప్పింది. అక్క కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక, “ఇంకా?” అంది. గ్రౌప్నర్ పాట అక్క ఎలా వాయించిందో చెల్లెలు చెప్పింది, జాకె పాట ఎలా వాయించిందో చెప్పింది. అక్క మళ్ళీ “ఇంకా?” అంది.

తొమ్మిది రోజులు రోజూ అడిగింది. అమ్మ చేతి అన్నం తిన్న పిల్ల ఇంకో ముద్ద అడిగినట్టు అడిగేది. పదకొండేళ్ళ సభలన్నీ ఒక్కొక్కటీ తవ్వి తీసి, ఏది ఎంత బాగా వచ్చిందో చెల్లెలు చెప్పుకుంటూ వచ్చింది. క్షమించానని అక్క అనలేదు, చెల్లెలు మళ్ళీ అడగలేదు. పదో రోజు పొద్దున్న చెల్లెలు కాఫీ తెచ్చి, మంచం పక్కన కూర్చుని, రాత్రంతా ఆలోచించి పెట్టుకున్నది మొదలుపెట్టింది. ఒక సభ మొత్తం చెప్పేసింది. “ఇంకా?” అని అడగడానికి అక్క లేదని చెప్పడం పూర్తయ్యాక గాని ఆమెకి తెలియలేదు.